ఇంటి ముందు మోడు ఉంటే తప్పేంటి?

విశాఖపట్నంలో ఏ కాలనీకి వెళ్ళినా మొక్కలు పెంచే ఇళ్ళకి కొదవ లేదు. గేటు పక్కన ఎరికా పామ్, గోడ వారన డ్యురాంటా, మెట్ల మీద క్రోటన్లు, మేడ మీద మందారాలు, నూరువరహాలు, నందివర్ధనాలు. అన్నీ ఏడాది పొడుగునా పచ్చగా ఉండేవే. ఆకు రాల్చే పూలపొద మాత్రం వెతికితే గానీ కనపడదు. అలాగని జనం కొనరా అంటే, కొంటారు. ఎండాకాలంలో పూలతో ఉన్నప్పుడు ముచ్చటపడి తెచ్చుకుంటారు. డిసెంబరులో ఆకులు పండి రాలడం మొదలవగానే కంగారు పడతారు. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఆ పుల్లలు పీకేసి కుండీ ఖాళీ చేస్తారు.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఈ ఊళ్ళో చిన్న వాకిలి ఉన్నవాళ్ళు, చిన్న బాల్కనీ ఉన్నవాళ్ళు, ఏడాదిలో ఓ రెండు నెలలు మోడై నిలబడే పొద ఒకటి పెంచుకోవాలి. ఎప్పుడూ పచ్చదనమే కావాలన్న మోజులో పడి మనం మంచి పూలని, పొద్దున పూట నీరెండని, కొంత ఇంగితాన్ని కూడా వదులుకుంటున్నాం. డివైడర్ల మీద ఎప్పుడూ పచ్చగా ఉంటుందని నాటిన కోనోకార్పస్ చెట్లు ఆరోగ్యానికి చేటని ఆ తర్వాత ఎంత గొడవ జరిగిందో అందరం చూశాం కదా.

నేను పెంచేది క్రేప్ మర్టిల్. నర్సరీల్లో లాజర్‌స్ట్రోమియా అంటే త్వరగా పోల్చుకుంటారు. వదిలేస్తే రెండు నిలువుల చెట్టవుతుంది. కానీ మూడు నాలుగు అడుగులకి మించని పొట్టి రకాలు కుండీల్లోకి బాగా పనికొస్తాయి. గులాబీ, తెలుపు, లేత ఊదా, రాణీ రంగు, ఏది కావాలంటే అది. కడియం నుంచి లారీల్లో వచ్చే నల్ల కవర్ల మొక్కల్లో వేసవి మొదట్లో ఇవి తప్పకుండా ఉంటాయి.

దూరం నుంచి చూసేవాళ్ళకి గుత్తి మాత్రమే కనిపిస్తుంది. ఒక్క పువ్వు తెంపి అరచేతిలో పెట్టుకుని చూడాలి. ఆరు రేకులు. ఒక్కో రేకు మొదట్లో సన్నటి కాడలా ఉండి, ఆ చివర ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అంచులన్నీ ముడతలు, ఉతికి ఇస్త్రీ చెయ్యకుండా వదిలేసిన జార్జెట్ చీర కుచ్చిళ్ళలాగా. మధ్యలో పొట్టి పొట్టి పసుపు కేసరాలు గుబురుగా ఉంటాయి. వాటి చుట్టూ ఇంకో ఆరు పొడుగు కేసరాలు, ముదురు రంగువి, లోపలికి వంగి ఉంటాయి. ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కోసమే తేనెటీగలు వస్తాయి. కొట్టొచ్చినట్టు కనపడే పసుపు గుబురు మీద వాలి అవి తమ పని చూసుకుంటుంటే, ఆ పొడుగు కేసరాలు వెనకనుంచి వాటి ఒంటికి వేరే పుప్పొడి రాస్తాయి. పసుపుది ఈగ తిండికి, ముదురుది మొక్క పనికి. పొద్దున ఏడింటికి మెట్ల మీద కాఫీ గ్లాసుతో కూర్చుంటే ఈ వ్యవహారం అంతా కళ్ళముందే నడుస్తుంది. మందారం దగ్గర నాకు ఇంత కాలక్షేపం ఎప్పుడూ దొరకలేదు.

కాండం కూడా చూడాల్సిందే. పాతబడ్డ బెరడు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయి లోపల నున్నటి, లేత గోధుమరంగు చెక్క బయటపడుతుంది. దాని మీద కోతులు కూడా జారిపోతాయని జపాన్ వాళ్ళు అంటారట. సింహాచలం కోతుల్ని చూసినవాడెవడూ ఆ మాట నమ్మడనుకోండి. ఏదేమైనా, ఆకులున్నంత కాలం ఈ బెరడు కనపడదు. మొక్క మోడైనప్పుడే దాని అందం తెలుస్తుంది.

ఇక అసలు సంగతి, ఆకులు ఎందుకు రాలుస్తుందన్నది. చలికి అనుకుంటారు చాలామంది. మన ఊళ్ళో చలెక్కడిది? జనవరిలో కూడా రాత్రి ఉష్ణోగ్రత 17, 18 డిగ్రీల కింద నిలబడటం అరుదు. మన వైపు చెట్లకి అసలు కష్టం నీటిది. అక్టోబరు, నవంబరు తుపాను వానలు వెళ్ళిపోతే మళ్ళీ జూన్ దాకా నమ్మకంగా వాన పడదు. ప్రతి ఆకూ రోజంతా గాల్లోకి నీరు వదులుతూనే ఉంటుంది. అందుకని మొక్క ముందుగానే లెక్క చూసుకుంటుంది. ఆకుల్లో ఉన్న నత్రజని, భాస్వరం లాంటివి వీలైనంతవరకు కొమ్మల్లోకి లాక్కుంటుంది. పచ్చరంగు విరిగిపోతుంది, పసుపు, నారింజ, ఒక్కోసారి మంచి ఎరుపు తేలుతుంది. తొడిమ మొదట్లో బెండులాంటి పొర ఏర్పడుతుంది, ఆకు రాలుతుంది. దాచుకోవాల్సింది దాచుకుని ఖాళీ ఆకుని వదిలేస్తుందన్నమాట. ఇందులో చావు ఎక్కడుంది?

చావు తర్వాత వస్తుంది, మన చేతుల మీదుగా. ఆకులు రాలాయి కదా, పాపం నీళ్ళు చాలలేదేమో అని పొద్దున ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు పోస్తాం. ఆకులు లేని మొక్క నీళ్ళు తాగేది చాలా తక్కువ. పోసిన నీళ్ళు కుండీలోనే నిలుస్తాయి, మట్టిలో గాలి ఆడదు, వేళ్ళు కుళ్ళుతాయి. ఫిబ్రవరిలో నిజంగానే చస్తుంది. అప్పుడు "చూశారా, నేను డిసెంబరులోనే చెప్పాను" అంటాం.

మా కింది వాటాలో ఉండే ఆంటీ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. ఓ భోగికి పిల్లలు పాత చెక్కలు, విరిగిన కుర్చీలు పోగేస్తుంటే, తమ కుండీలో ఉన్న క్రేప్ మర్టిల్‌ని కూడా వేళ్ళతో సహా పీకి ఇచ్చేశారు. ఎండిపోయింది కదా, బాగా మండుతుందనుకున్నారు. తెల్లవారుజామున మంటలో పడేస్తే అది మండితే కదా! బుసబుసమని పచ్చి పొగ, కొమ్మల చివర్ల నుంచి నురగ. పిల్లలు కళ్ళు నలుపుకుంటూ దూరంగా వెళ్ళి నిలబడ్డారు. ఎండు కర్ర అలా ఉడకదు. ఆ మాట ఆంటీతో ఆరోజే అందామనుకున్నాను గానీ పండగపూట ఎందుకని ఊరుకున్నాను.

బతికుందో లేదో చూసుకోవడం ఎంత తేలికంటే, దానికి గోరు చాలు. మా వీధిలోకి తోపుడు బండి మీద మొక్కలమ్మే ముసలాయన ఒకాయన వస్తాడు. నేర్చుకున్నది ఆయన దగ్గరే. "సచ్చిపోనేదమ్మా, ఆకు రాల్చీసింది, అంతే. గోరెట్టి గీకి సూడండి, పచ్చగుంటే పేణమున్నట్టు" అన్నాడు. సన్న కొమ్మ మీద బెరడు కొద్దిగా గీకితే లోపల లేత పచ్చని తడి కనిపించాలి. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయినట్టు. ఒక కొమ్మ పోతే మొక్క పోయినట్టు కాదు, ఇంకాస్త కిందకి గీకి చూడాలి.

శకునం సంగతి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే నర్సరీ వాడి కంటే, పురుగు కంటే ఈ మొక్కకి ఇంట్లో ఎదురయ్యే పెద్ద గండం అదే. మా అత్తగారు మొదటి చలికాలమే అడ్డం తిరిగారు.

"గుమ్మంలో ఈ మోడేంటమ్మా? వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఎండిపోలేదండీ, ఆకు రాల్చింది. మాఘం వెళ్తే చిగురిస్తుంది."

"ఎండు మాను ఇంటికి ఎదురుగా ఉండకూడదు."

"మరి గుళ్ళో రావిచెట్టు? ఫాల్గుణంలో దానికి ఒక్క ఆకు ఉండదు. మీరు ప్రదక్షిణాలు చేసే వచ్చారు కదా."

"అది దేవుడి చెట్టు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కాకపోతే ఆలోచించే కొద్దీ ఆవిడ మాట నా వాదనకే బలం అనిపిస్తుంది. మన పంచాంగంలో శిశిరం అని ఒక రుతువే ఉంది. రావి ఆకంతా దులిపేసుకుని రాగిరంగు చిగురు తొడుగుతుంది. వేప ఆకు రాల్చి, మళ్ళీ చిగిర్చి, ఉగాది పచ్చడికి పువ్వు అందిస్తుంది. మోదుగ, బూరుగ మోడుల మీదే పూస్తాయి. తూర్పు కనుమల అడవుల్లో చాలా భాగం ఆకురాల్చే అడవే. మన క్రేప్ మర్టిల్‌కి దగ్గరి చుట్టం చెన్నంగి కూడా అక్కడ ఉంది. అది పెద్ద మాను, కలపకి పేరు, పూలు చిన్నవి. అంటే ఆకు రాల్చడం ఈ నేలకి కొత్తేమీ కాదు. కొత్తగా వచ్చిందల్లా పన్నెండు నెలలూ హోటల్ లాబీలాగా పచ్చగా ఉండాలన్న పట్టుదల.

అత్తగారితో చివరికి రాజీ కుదిరింది. నేలలో నాటిన పొద ఉన్నచోటే ఉంటుంది. గుమ్మం పక్క కుండీ మాత్రం ఆకు రాలగానే మేడ మీదకి వెళ్తుంది, చిగురేశాక కిందకి వస్తుంది. పొట్టి రకం కాబట్టి ఇద్దరు పడితే కుండీ లేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళున్న అందరికీ ఈ ఒప్పందం చెప్తున్నాను.

ఆకులు లేని కొమ్మ ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్ళకి కొత్తగా చూపించాల్సిన పని కూడా లేదసలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాటాక మిగిలిన చెట్లు ఎలా ఉన్నాయో గుర్తు తెచ్చుకోండి. పడినవి పడగా, నిలబడ్డవాటికి ఆకు లేదు. గాలికి చిరిగినవి చిరిగాయి, మిగతావి ఉప్పు నీటి జల్లుకి మాడాయి. కైలాసగిరి పచ్చరంగు పోయి మట్టిరంగుకి వచ్చింది. ఇక ఈ ఊళ్ళో చెట్లు లేవనుకున్నాం. కొన్ని వారాలు తిరక్కుండా అవే మోడులు చిగుళ్ళు వేశాయి. అదంతా కళ్ళారా చూసిన మనం ఒక కుండీలో పుల్లల్ని చూసి హడలిపోవడం నాకు వింతగానే ఉంటుంది.

ఇక పెంపకం. ఎండ విషయంలో బేరం లేదు. రోజుకి ఆరు గంటలు నేరుగా పడాలి. నీడలో బతుకుతుంది గానీ పూయదు, పైగా బూడిద తెగులు పట్టుకుంటుంది. తూర్పు వాకిలి దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. మే నెలలో గుబురు ఆకులు పొద్దుటి చురుకుని ఆపుతాయి, జనవరిలో ఆకులుండవు కాబట్టి నీరెండ వరండా లోపలిదాకా వస్తుంది. మా మావగారు పేపర్ చదివేది ఆ ఎండలోనే. ఏడాదంతా గుబురుగా ఉండే ఫైకస్ ఈ సదుపాయం ఇవ్వదు.

కుండీ 14 అంగుళాలకి తగ్గకూడదు. మన కొండవాలు ఎర్రమట్టి ఒక్కటే నింపితే నీళ్ళు ఎండాక ఇటుకలా బిగుసుకుంటుంది. రెండు పాళ్ళ ఎర్రమట్టికి ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. అడుగున కన్నాలు తెరిచి ఉండాలి. బీచ్‌కి దగ్గర ఇళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకు అంచులు మాడతాయి. వానాకాలంలో ఓ రెండు మూడు మంచి వానలకి కుండీని ఆరుబయట తడవనిస్తే ఆ ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. డిసెంబరు మొదటినుంచి నీళ్ళు బాగా తగ్గించాలి. మనకి చలి తక్కువ కాబట్టి, నీళ్ళు మామూలుగా పోస్తూ ఉంటే ఇది ఆకు పూర్తిగా రాల్చదు. మచ్చలు పడ్డ ముసలి ఆకులు సగం పట్టుకుని అటూ ఇటూ కాకుండా వేలాడుతూ ఉంటుంది. వేలు మట్టిలో రెండు కణుపుల లోతు దింపి, పొడిగా తగిలితేనే కొంచెం పొయ్యాలి.

సంక్రాంతి వెళ్ళాక, రథసప్తమి లోపు కత్తిరింపు. మనవాళ్ళకి చెయ్యి రానిది ఇక్కడే. పూసే మొక్కని కొయ్యడమేంటి, పాపం కదూ అంటారు. ఈ మొక్క పాత కొమ్మ మీద పూయదు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన రెమ్మ చివరే గుత్తి వేస్తుంది. కొయ్యకపోతే పైన పైన నాలుగు సన్న రెమ్మలు, నాలుగు గుత్తులు, కింద బోసి కాళ్ళు. ముందు ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి, పొద లోపలికి తిరిగినవి, పెన్సిల్ కంటే సన్నగా ఉన్నవి మొదలంటా తీసెయ్యాలి. మిగిలినవాటిని మూడో వంతు తగ్గించాలి. బయటివైపు చూస్తున్న కణుపు పైన, పావు అంగుళం వదిలి, ఏటవాలుగా ఒక్క కోత. కత్తెర పదునుగా ఉండాలి, నలిగితే బెరడు చీలుతుంది. ఆకులు లేవు కాబట్టి ఏ కొమ్మ ఎటు పోతోందో స్పష్టంగా కనపడుతుంది, మందారంలో లాగా తడుముకోనక్కర్లేదు.

దీనికి రెండో కొస ఉంది. కొందరు కత్తిరించమన్నారు కదా అని ఏటా లావు కొమ్మల్ని ఒకే ఎత్తులో నరుకుతారు. అక్కడ బొడిపెలు కట్టి, వాటినుంచి చీపురు పుల్లల్లాంటి రెమ్మలు గుంపుగా వస్తాయి. జూలై వానకి గుత్తులు తడిసి బరువెక్కగానే అవి నేలకి వాలిపోతాయి. ఈ పొద ఎక్కువగా పెరిగే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అలా నరకడాన్ని తోటమాలులు సరదాగా హత్య అనే పిలుస్తారు.

కత్తిరించాక ఒక దోసెడు వర్మీకంపోస్టు వేసి, నీళ్ళు మెల్లగా పెంచాలి. యూరియా జోలికి వెళ్ళొద్దు. ఆకు దండిగా వస్తుంది, పూలు రావు. ఎండలు ముదిరేకొద్దీ మొగ్గలు మొదలై, వానాకాలమంతా విడతలు విడతలుగా పూస్తుంది. వాడిన గుత్తిని కాయలు ముదరకముందే తుంచేస్తే నెలా నెలన్నరలో మళ్ళీ గుత్తి వేస్తుంది. ఆ కాయల్లో ఒకటి రెండు ఉంచితే పిల్లలకి సరదా. ఎండి ఆరు చెక్కలుగా విచ్చుకుంటాయి, లోపల రెక్కల గింజలు.

దోషాలు చెప్పకుండా మెచ్చుకుంటే అమ్మకానికి పెట్టినట్టు ఉంటుంది కాబట్టి అవీ చెప్తాను. వాసన పెద్దగా ఉండదు. మాలకి, జడకి పనికిరాదు, రేకులు గంటలో ముడుచుకుంటాయి. బీచ్ రోడ్డుకి ఎదురుగా, ఉప్పుగాలి నేరుగా కొట్టే మేడ మీద దీన్ని పెట్టకండి, అక్కడ కాగితం పూలు, గన్నేరు నయం. అన్నిటికంటే పెద్ద తలనొప్పి బూడిద తెగులు. లేత ఆకులు, మొగ్గల మీద తెల్లపొడి చల్లినట్టు వస్తుంది, మొగ్గలు విచ్చుకోవు. చాలా తెగుళ్ళకి ఆకు తడవాలి. దీనికి ఆ అవసరం లేదు, గాల్లో తేమ చాలు, మన ఊళ్ళో దానికి కరువు లేదు. కుండీల మధ్య జాగా వదలడమే సగం మందు. మరీ ముదిరితే నీటిలో కరిగే గంధకం పొడి లీటరుకి 3 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక సాయంత్రం కొట్టాలి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకులు మాడతాయి. చీమలు బారులు కట్టాయంటే పేనుబంక ఉన్నట్టు. దాని జిగురు మీద నల్లటి మసి పడుతుంది. వేపనూనె 5 మిల్లీలీటర్లు, కాస్త కుంకుడు రసం, లీటరు నీళ్ళు, అంతే.

ఈ బూడిద తెగులు మీద అమెరికా జాతీయ వృక్షవనంలో (నేషనల్ అర్బోరేటమ్) డొనాల్డ్ ఎగోల్ఫ్ అనే ఆయన జీవితంలో పెద్ద భాగం పనిచేశాడు. 1956లో జపాన్‌లోని యకుషిమా దీవినుంచి తెచ్చిన మరో జాతి గింజలు ఆయనకి కలిసొచ్చాయి. ఆ జాతికి ఈ తెగులు అంతగా అంటదు. దాన్ని మన ఇళ్ళలో పెరిగే జాతితో సంకరం చేసి తట్టుకునే రకాలు పుట్టించాడు. వాటిలో నాచెజ్ అనే తెల్లపూల రకం 1978లో విడుదలైంది. అది పెద్ద చెట్టు, కుండీకి కాదు. మన దగ్గర రంగు చెప్పి అమ్ముతారు తప్ప రకం పేరు చెప్పి అమ్మేవాళ్ళు అరుదు. కాబట్టి నర్సరీలో ఆకులమీద తెల్లపొడి లేని మొక్కని ఎంచుకోవడమే మనం చెయ్యగలిగింది.

ఆకులు ఊడ్చే బాధ సంగతి కూడా అడుగుతారు. ఎప్పుడూ పచ్చగా ఉండే మొక్కలు ఆకులు రాల్చవా? రోజూ నాలుగు రాలుస్తాయి, ఏడాదంతా ఊడుస్తాం. ఇది రెండు మూడు వారాల్లో పని పూర్తి చేస్తుంది. ఆ ఆకుల్ని ఒక సంచిలో తొక్కి, తడిపి, మూల పెడితే వచ్చే కత్తిరింపు నాటికి మంచి ఆకు ఎరువు.

కోసిన కొమ్మల్ని కూడా పారెయ్యకండి. పెన్సిల్ లావువి జానెడు ముక్కలు చేసి, ఇసుక కలిపిన మట్టిలో మూడింట రెండు వంతుల పొడవు దిగేలా గుచ్చి, నీడలో ఉంచితే చాలావరకు వేళ్ళు పోసుకుంటాయి. భోగి మంటలో మొక్కని వేసిన ఆంటీకి కిందటేడు రెండు పుల్లలు ఇచ్చాను. ఆవిడ వాటికి మూడు నెలలు నీళ్ళు పోశారు, ఈసారి కొలత ప్రకారమే.

పుల్లలు నాటే ఓపిక లేకపోతే జనవరి చివర్లో నర్సరీకి వెళ్ళండి. పూలున్న మొక్కల వరస దాటి వెనక్కి నడిస్తే, ఎవరూ కొనని ఆకుల్లేని కవర్లు ఓ మూల ఉంటాయి. అడుగునుంచి మూడు నాలుగు గట్టి కొమ్మలు లేచినదాన్ని తీసుకోండి, ఒకే పొడుగు కర్ర ఉన్నది వద్దు. కవరు అడుగున వేళ్ళు బయటికి వచ్చి చుట్టలు చుట్టుకుంటే అదీ వద్దు. కొమ్మ గీకి చూడండి. ఆ తర్వాత ఎండిపోయినట్టుంది కదా అని మొహం పెట్టి ధర తగ్గించమనండి. తప్పకుండా తగ్గిస్తారు.